ఊపిరితిత్తుల రక్తనాళ వ్యాధులు – పరిచర్య



దేహమందలి రక్తమంతయు గుండె కుడి భాగమునుండి ఊపిరితిత్తులలోనికి పోయి, ప్రాణవాయువును గ్రహించి, ఎడమ భాగమునకు తిరిగివచ్చును. ఊపిరితిత్తుల ధమనులలోని ఒత్తిడి ఇతర ధమనుల ఒత్తిడిలో ఇంచుమించు ఆరవ వంతు మాత్రమే. కుడి గుండె ఆ స్వల్పభారమునకే అలవాటుపడినది. కావున ఈ నాళములు మూసికొనిపోయినను, ఇరుకైనను మొదట అలసిపోవునది అదియే.

ఈ వ్యాధులలో ముఖ్యమైనవి రెండు. కాలి సిరలలో గడ్డకట్టిన రక్తము ఊడివచ్చి ఊపిరితిత్తుల ధమనిని అడ్డగించుట మొదటిది. ఆ ధమనులలో ఒత్తిడి క్రమముగా హెచ్చుట రెండవది. మొదటిది గడియలో ప్రాణము తీయగలదు. రెండవది ఏండ్ల తరబడి బాధించును.

గడ్డ ఒక చోట పుట్టి మరొక చోటికి ప్రయాణించునని 19వ శతాబ్ది మధ్యమున జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో నిరూపించెను. రక్తము గడ్డకట్టకుండ చేయు హెపారిన్ 1916లో కనుగొనబడినది. బ్రిస్టల్ నగరమున బారిట్, జోర్డన్ అను వైద్యులు జరిపి 1960లో ప్రకటించిన పరీక్షలో, ఇట్టి మందులు పొందని 19 మంది రోగులలో 5గురు ఈ వ్యాధిచేతనే మరణించిరి. పొందిన 16 మందిలో దీనిచే మరణించినవారు లేరు. మందు విలువ అంతటిది. అయినను మందు వ్రాయువాడు డాక్టరు. రేయింబవళ్లు కనిపెట్టియుండువారు నర్సులు, ఇంటివారు.

శస్త్రచికిత్స జరిగినవారిని, బాలింతలను మంచము దిగనీయకుండుట ప్రేమయని తెలుగు ఇండ్లలో పలువురు తలంతురు. కదలని కాలిలోనే రక్తము నిలిచి గడ్డకట్టును. డాక్టరు అనుమతించిన వెంటనే రోగిని లేపి నాలుగడుగులు నడిపించుట నర్సు మొదటి పని. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిపెట్టినచో నూనె రాచి మర్దనము చేయరాదు, గడ్డ ఊడిపోవచ్చును. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

అకస్మాత్తుగా ఆయాసము, ఊపిరి పీల్చినపుడు ప్రక్కలో పోటు, నాడి వేగము, దగ్గులో రక్తపు జీర, స్పృహ తప్పుట అపాయసూచనలు. అపుడు రోగిని నడిపింపరాదు, ఒంటరిగా విడువరాదు. ఆయాసపడువానిని దిండ్లు ఆనించి కూర్చుండబెట్టి, డాక్టరును పిలిపించి, ఆజ్ఞానుసారము ఆక్సిజన్ ఇయ్యవలెను.

వార్ఫరిన్ వాడువారి రక్తమును నియమముగా పరీక్షింపవలెను. ఒక పూట మరచినచో మరునాడు రెండు మోతాదులు కలిపి మ్రింగరాదు. తోటకూర, పాలకూర మానవలసిన పని లేదు. దినదినము ఒకే పరిమాణమున తినుట మేలు. డాక్టరు నడుగక నొప్పిమాత్రలు వేసికొనరాదు. చిగుళ్ల రక్తము, నల్లని మలము కనబడినచో ఉపేక్షింపరాదు.

దూరదేశమున కొలువు చేయుచు సెలవులకు స్వస్థలము చేరువారికిని ఒక మాట. నాలుగు గంటలు, అంతకు మించి కదలక కూర్చుండి ప్రయాణించుట ఈ ముప్పును ఇంచుమించు రెట్టింపు చేయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపెను. ముప్పు అల్పమే యైనను, రైలుపెట్టెలో అప్పుడప్పుడు లేచి నడచుట తేలిక.

ఒత్తిడి హెచ్చు వ్యాధియందు పరిచర్య వేరొక విధమైనది. రోగి చూచుటకు ఆరోగ్యవంతునివలెనే కన్పించును. రెండు మెట్లెక్కి నిలిచిపోయిన కోడలిని బద్ధకస్తురాలందురు. ఆమె మాట నమ్ముటయే చికిత్సకు నాంది. ప్రతి ఉదయము ఒకే త్రాసుపై బరువు చూచి వ్రాసికొనవలెను; ఒకటి రెండు దినములలో బరువు పెరిగినను, పాదములు వాచినను నీరు చేరుచున్నదని అనుమానించి డాక్టరుకు చెప్పవలెను. ఉప్పు తగ్గింపవలెను. కొంత తేరుకొన్నట్లు కన్పించినదని మందు ఆపరాదు. ఈ వ్యాధిగల స్త్రీకి గర్భము ప్రాణాంతకము కావచ్చును. కావున సంతానమునకై ఆమెను నిర్బంధించుట తగదు. ఆ విషయము భార్యాభర్తలు డాక్టరుతో ముందుగనే మాటలాడుకొనవలెను.

ఇందు పెద్ద విద్య అవసరమైనది కొంతయే. నాడి లెక్కించుట, కాలి వాపు చూచుట, వేళకు మందిచ్చుట ఏ గృహిణియైనను, ఏ గుమాస్తాయైనను నేర్వదగినవే. ఆయాసమును మొదట కనిపెట్టువారు సామాన్యముగా ఇంటివారే. వారు ఆ గడియను జారవిడువక ఆసుపత్రికి చేర్చినచో డాక్టరు మందు పని చేయుటకు అవకాశము దొరకును.