కాస్కో ఓడలో ఒక కుటుంబం

సముద్రం మీదికి మనుష్యులు అనేక కారణాల వల్ల పోతారు. వర్తకుడు లాభం కోసం, నావికుడు జీతం కోసం, రాజ్యకాంక్ష గలవాడు కొత్త నేల కోసం పోతాడు. కాని ఒక ఇంటివారందరూ ఒక రోగిని వెంటబెట్టుకొని, అతడు బ్రతికితే చాలునని తెరచాప ఎత్తడం అరుదు. నేడు నేను మనవి చేయబోయేది అట్టి యాత్రను గురించి.

ఆ రోగి రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్. నండూరి రామమోహనరావుగారు ‘కాంచనద్వీపం’గా తెలుగు చేసిన ‘ట్రెజర్ ఐలండ్’ నవలకు కర్త ఆయనే. 1883లో ఆ నవల గ్రంథరూపంలో వెలువడే నాటికి ఆయన ఉష్ణమండలంలోని ద్వీపాన్ని ఒక్కదానినైనా చూచి ఎరుగడు. పుట్టినది చలిదేశమైన స్కాట్లండులో. చిన్ననాటి నుండి ఊపిరితిత్తుల జబ్బు. పలుమార్లు నోట నెత్తురు పడేది.

1887లో తండ్రి మరణించగా కొంత ధనం సంక్రమించినది. దానిలో అధికభాగాన్ని ఆయన ఓడ ప్రయాణానికే వినియోగింప నిశ్చయించినాడు. భార్య ఫానీ శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘కాస్కో’ అనే రెండు కొయ్యల ఓడను కుదిర్చి తంతి పంపినది. అది 74 టన్నుల విలాసనౌక. 1888 జూన్ 28వ తేదీన బయలుదేరినారు. స్టీవెన్‌సన్‌కు అప్పుడు 37 సంవత్సరాలు. ఫానీకి సముద్రం పడదు. ఓడ కదిలితే చాలు, తల తిరిగేది. అయినా భర్త కోసం ఎక్కినది. ఆమె కుమారుడు లాయిడ్‌కు 20 ఏండ్లు. స్టీవెన్‌సన్ తల్లి మార్గరెట్ 59 ఏండ్ల వయస్సులో, భర్త పోయిన మరుసటి సంవత్సరమే, కొడుకు వెంట వచ్చినది. ఒక పనిమనిషి కూడ ఉన్నది. దారిలో రోగి మరణిస్తే సముద్రంలో అంత్యక్రియలు జరపడానికి కావలసిన సామగ్రిని కప్తాను ముందుగానే సిద్ధపరచుకొన్నాడట!

సుమారు నెల దినాలకు మార్కేసస్ దీవులలోని నుకుహీవా కనిపించినది. అక్కడి అనాహో రేవులో లంగరు వేయగానే ద్వీపవాసులు దోనెలలో వచ్చి ఓడ నిండినారు. భాష తెలియదు, మొదట భయమే కలిగినది. కొన్నాళ్లకు స్నేహం కుదిరినది. అయితే ఆ అందమైన లోయలలో ఆయన చూచిన దృశ్యం మరొకటి ఉన్నది. పాడుపడిన ఇండ్ల అరుగులు అడుగడుగునా కనిపించినవి. బయటి నుండి వచ్చిన మశూచి, క్షయ ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టినవి. తన దేశంలోని కొండజాతుల పతనం ఆయనకు గుర్తు వచ్చినది. ఊపిరితిత్తుల రోగి ఆరోగ్యం కోసం వచ్చిన చోటనే స్థానికులు ఊపిరితిత్తుల రోగంతో నశించుచుండుట ఎంత విపరీతము! ఈ సంగతిని ఆయన దాచక వ్రాసినాడు.

అక్కడినుండి పగడపు దిబ్బల పమోటు దీవులకు పోయినారు. ఈ దీవులు నీటి మట్టానికి కొద్ది అడుగుల ఎత్తు మాత్రమే ఉంటవి. దగ్గరకు వచ్చేదాక కనబడవు. నావికులు వాటిని ‘అపాయకర ద్వీపాలు’ అనేవారు. ఫకరావాలో కొంతకాలం గడిపి తహితీ చేరేసరికి స్టీవెన్‌సన్ జబ్బు తిరగబెట్టినది. తౌతీరా అనే గ్రామంలో, మోయె అనే రాచకుటుంబ స్త్రీ పచ్చి చేపను కొబ్బరిపాలతో కలిపి తినిపించి సేదదీర్చినది. ఆ గ్రామపెద్ద ఓరి, ఆయనతో పేర్లు మార్చుకొన్నాడు. పేరు మార్చుకొన్నవారు అక్కడ అన్నదమ్ములతో సమానం. తహితీ భాషలో ‘ల’కారం లేదు, కనుక లూయీ ‘రూయీ’ అయినాడు.

ఒకనాడు తల్లి మార్గరెట్ అక్కడి చర్చి స్త్రీలను ఓడ మీదికి విందుకు పిలిచినది. వారిలో ఒక వృద్ధురాలు ప్రార్థన చేయుచు, ఓడలో కనబడని లోపమేదైనా ఉంటే సకాలంలో బయటపడుగాక అని వేడుకొన్నది. వారు వెళ్లిన వెనుక కప్తాను కొయ్యలను పరీక్షించగా, పైకి గట్టిగా ఉన్న పెద్దకొయ్య తల లోపల పుచ్చిపోయి ఉన్నది! నడిసముద్రంలో గాలివాన వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చును.

ఓడను బాగుచేయడానికి పపీతే పట్టణానికి పంపినారు. వారాలు గడిచినవి, ఓడ రాలేదు. తెచ్చుకొన్న సరుకులు తరిగినవి. కుటుంబమంతా ఓరి ఇంటనే ఉన్నది. అతడు తన వద్ద ఉన్నదంతా వారిదేనన్నాడు, అన్నట్లే నడిచినాడు. వాతావరణం బాగుగా లేకున్నను పడవలో పపీతే వెళ్లి ఓడ కబురును, ఆహారపదార్థాలను తెచ్చినాడు. 1888 క్రిస్మస్ నాడు వారు తౌతీరా విడిచినప్పుడు రెండు వైపులా కన్నీరే. తుఫానులను దాటుకొని, నెల రోజులకు హోనొలూలూ చేరినారు.

కాస్కోను అక్కడినుండి తిప్పి పంపివేసినారు. స్టీవెన్‌సన్ మాత్రం యూరపుకు తిరిగిపోలేదు. మరికొన్ని దీవులు తిరిగి, 1890లో సమోవాలో భూమి కొని ఇల్లు కట్టుకొన్నాడు. తల్లి కూడ అక్కడికి వచ్చి చేరినది. ద్వీపవాసులు ఆయనను ‘తుసితాల’, అనగా కథకుడు, అని పిలిచినారు. 1894 డిసెంబరు 3వ తేదీన ఆయన కన్నుమూసినాడు. మరణకారణం ఊపిరితిత్తులు కావు. మెదడులో నెత్తురు చిట్లినది. సమోవనులు కొండమీదికి అడవి కొట్టి దారి తీసి, ఆయనను శిఖరాన సమాధి చేసినారు.

కొద్ది నెలల కోసమని బయలుదేరిన యాత్ర ఆరు సంవత్సరాలకు పైగా ఆయుస్సునిచ్చినది. దానికి కారణం సముద్రపు గాలి అని చెప్పడం తేలిక. కాని ఆ గాలిని చేరుటకు తల తిరుగుతున్నా ఓడ ఎక్కిన భార్య, ముదిమిలో ఇల్లు విడిచిన తల్లి కావలసి వచ్చినారు. ఓడకొయ్య పుచ్చినప్పుడు తన ఇంటి తలుపు తెరచిన ఓరి కావలసి వచ్చినాడు. మన ఇండ్లలో రోగిని కనిపెట్టుకొని ఉన్నవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.