జ్వరం లెక్క

 

అమెరికాలో జ్వరంతోపాటు దగ్గో గొంతునొప్పో ఉన్న రోగులు ఎంతమంది వచ్చారో క్లినిక్‌లు వారం వారం వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీకి తెలియజేస్తాయి. ఆ లెక్క తేలి బయటికొచ్చేసరికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఈలోగా ఫ్లూ ఊళ్లు దాటిపోతుంది. ఒళ్లు వెచ్చబడగానే జనం డాక్టరు కంటే ముందు గూగుల్‌ని అడుగుతున్నారు కదా అని 2008లో ఆ సంస్థ ఒక నమూనా కట్టింది. 5 కోట్ల సెర్చ్ పదాలను పాత ఫ్లూ లెక్కలతో పోల్చి, బాగా కలిసిన 45 పదాలను ఏరుకుంది. దాంతో ఒక్క రోజు తేడాలో అంచనా చేతికొచ్చేది.

గొప్ప ఆలోచన అది. ఇప్పటికీ నాకు దానిమీద గౌరవమే. అయితే ఆ పదాల ఎంపికను కాస్త దగ్గరగా చూడండి. హైస్కూల్ బాస్కెట్‌బాల్ గురించిన సెర్చ్‌లు కూడా ఫ్లూ గీతతో చక్కగా కలిశాయి. రెండూ చలికాలంలో వచ్చేవే మరి! అలాంటివాటిని నమూనా కట్టినవాళ్లు తీసేశారు. కానీ వాళ్ల కంటికి ఆనకుండా నమూనాలో ఇంకెంత చలికాలం మిగిలిపోయిందో! 2009లో స్వైన్‌ఫ్లూ చలికాలం దాటాక వస్తే ఆ నమూనా తక్కువ చూపించింది. 2011 ఆగస్టు మొదలు 108 వారాల్లో 100 వారాలు ఎక్కువ చూపించింది. 2015లో ఆ అంచనాలు ఆపేశారు.

నన్ను బాగా ఆలోచింపజేసింది మరొకటి. మూడు వారాల పాత సీడీసీ లెక్కే గూగుల్ అంచనా కంటే మెరుగ్గా ఉందని 2014లో పరిశోధకుడు డేవిడ్ లేజర్ బృందం సైన్స్ పత్రికలో చూపించింది. రెండూ కలిపితే ఇంకా మెరుగు. అంటే ఓపీలో నర్సు రాసుకున్న రిజిస్టరును పక్కన పెట్టడమే పొరపాటు. కొత్త డేటా వాడటం కాదు. అలాంటి కొత్త డేటాకు ఉదాహరణగా, 2020లో హైదరాబాద్ మురుగునీటిలో కరోనా జాడ వెతికిన సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తల పని నాకు ఎంతో ఇష్టం. పరీక్షకు రాని మనిషి జాడా ఆ నీటిలో దొరుకుతుంది.

ఆ 45 పదాలేవో గూగుల్ ఎన్నడూ పూర్తిగా బయటపెట్టలేదు. బయటివాళ్లకు సరిచూసే వీలే లేకపోయింది. ఈరోజు గణాంకశాస్త్ర, ప్రజారోగ్య పట్టాలు అందుకుంటున్న మీరు అలా చేయకండి. ఏ సెర్చ్‌లు, ఏ మందుల అమ్మకాల లెక్కలు వాడారో, వేటిని ఎందుకు తీసేశారో రాసి పెట్టండి. మీ అంకెను నమ్మి ఒక జిల్లా వైద్యాధికారి పడకలు సిద్ధం చేయిస్తారు. ఇది ఎలా వచ్చిందని ఆమె అడిగితే, లెక్క మొత్తం ఆమె ముందు పెట్టగలగాలి.