ఇత్తడి చెంబు - మట్టి ముంత

(మన వాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేం నలుగురం పూణే పోయొచ్చాం. ఫూలే దంపతులు 1848లో ఆడపిల్లలకు బడి పెట్టిన ఊరు కదా, కళ్లారా చూద్దామని పోయాం. అక్కడ ఒక మ్యూజియం కూడా చూశాం. ఆ సంగతి చెప్పడానికే ఈ పూట నిలబడ్డాం.

దాని పేరు రాజా దినకర్ కేల్కర్ మ్యూజియం. రాజా అంటే ఏ రాజుగారో అనుకునేరు. దినకర్ కేల్కర్ ఒక మరాఠీ కవి. చిన్నప్పుడే చనిపోయిన ఆయన కొడుకు పేరు రాజా. ఆ బిడ్డ గుర్తుగా పెట్టిన మ్యూజియం అది. ఊరూరా తిరిగి, తన సొంత డబ్బుతో, 20 వేల దాకా పాత వస్తువులు ఏరి తెచ్చి, 1975లో మహారాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చేశారు.

ఏమేం ఏరారు? అడకత్తెరలు, దీపాలు, తాళాలు, దువ్వెనలు, కాళ్లు రుద్దుకునే వజ్రీలు, చెంబులు, సిరాబుడ్లు. "ఇవి కూడా చరిత్రేనా?" అని మా వెంట వచ్చిన అక్క అడిగింది. చరిత్రే అక్కా! రాజుల కత్తులే కాదు, వంటింటి సామాను కూడా చరిత్రే అని ఆయన గుర్తించారు. అది మెచ్చుకోవాల్సిన పని.

ఐతే మాకొక ప్రశ్న పుట్టింది. ఈ ఇత్తడి, ఈ రాగి ఎవరిళ్లల్లో ఉండేవి?

అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు. అంతకు ముందు ఏడాది నవంబరులో, గుజరాత్‌లో అహ్మదాబాద్ జిల్లా జాను గ్రామంలో మన ఆడవాళ్లు లోహపు బిందెల్లో నీళ్లు తెచ్చుకున్నారని పైకులాల వాళ్లు మీదపడి కొట్టారు. కొనుక్కునే స్తోమత ఉన్నా వాడుకునే హక్కు లేదు!

అదే పుస్తకంలో పూణే సంగతీ ఉంది. పీష్వాల ఏలుబడిలో ఆ ఊళ్లో అంటరానివాడు మెడలో మట్టి ముంత కట్టుకోవాలి. అతని ఉమ్మి నేలమీద పడి, దాన్ని తొక్కితే హిందువుకు మైలట. నడుముకు చీపురు కట్టుకోవాలి. తన అడుగుల మట్టిని తనే ఊడ్చుకుంటూ పోవాలి.

ఇత్తడి చెంబు నూరేళ్లైనా ఉంటది. మట్టి ముంత పగిలిపోతది, చీపురు అరిగిపోతది. పైగా మనల్ని అవమానించిన వస్తువుని మనమెందుకు దాచుకుంటాం? పారేస్తాం. అట్లా పారేసింది మన కష్టాన్ని మాత్రమే కాదు, మన సాక్ష్యాన్ని కూడా.

ఆ పూణేలోనే సింబయోసిస్ వాళ్ల అంబేడ్కర్ మ్యూజియం ఉంది. బాబాసాహెబ్ వయొలిన్, కుర్చీ, ఆయన కన్నుమూసిన మంచం అక్కడ ఉన్నాయి. మాయీసాహెబ్ వాటిని దాచి ఇచ్చారు కాబట్టే మనం చూడగలిగాం. ఎవరో ఒకరు దాస్తేనే మిగులుతుంది.

1985 జూలై 16న కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు తిరిగింది. మర్నాడు ఆరుగురు మాదిగలను చంపారు. ఆ బిందె కన్నా పెద్ద చరిత్ర ఏ కోటలో ఉంది?

అందుకే మేం అడిగేది ఒక్కటే. తాత ఆరె, రంపె, చిరిగిన డప్పు, హోటల్లో మనకు వేరుగా పెట్టిన గ్లాసు, ఏది దొరికినా పాత సామాన్లవాడికి అమ్మకండి. సంఘం గదికి తెండి. ఎవరిది, ఎవరు చేశారు, ఏ ఊరు, దాని వెనక కథేంటి అని ఒక చీటీ రాసి కట్టండి. చదువురాని ముసలమ్మ చెబితే చదువుకున్న పిల్లలు రాయండి. అమ్మమ్మలు ఉండగానే రాయండి.

మన చరిత్రను మనమే ఏరుకుందాం!

జై భీమ్!