గోదావరి నీటి వంతులు
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంట తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడు మన ఉమ్రి బిడ్డలకు ఒక చిక్కు కలదు. బాభళి ఆనకట్ట మాట వచ్చినపుడు పొరుగువారు "ఆమ్చం పాణీ" అందురు. నిజామాబాదు వైపు బంధువులు "మా నీళ్లు" అందురు. రెండు మాటలును బిడ్డలకు స్వంతమైన మాటలే. కావున ఆ వంతుల సంగతి కొంత విన్నవింతుము.

పూర్వము చెరువు క్రింద నీరడి తూము విప్పి, వరుస తప్పక మళ్లకు నీరు పెట్టెడివాడు. నదికి రాష్ట్రములే వంతుదారులు. 1975 అక్టోబరు 6 నాటి ఒడంబడికలో పైఠణ్, సిద్ధేశ్వర్, నిజాంసాగరులకు దిగువన, పోచంపాడు వరకు, క్రొత్త పనులకై మహారాష్ట్రమునకు 60 టి.ఎం.సి.ల నీరు చెల్లునని వ్రాసికొనిరి. టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. తరువాత మన పొరుగు ధర్మాబాదు తాలూకాలో, పోచంపాడు జలాశయపు నీరు వెనుకకు వ్యాపించు మేరలోనే, బాభళి లేచినది. వివాదము సుప్రీంకోర్టుకు పోయెను.

2013 ఫిబ్రవరి 28 నాటి తీర్పులో మాకు ముఖ్యముగా తోచినది నీటి కొలత కాదు, తేదీలు. జూలై 1 మొదలు అక్టోబరు 28 వరకు తలుపులు ఎత్తియే యుంచవలెను. పిమ్మట 2.74 టి.ఎం.సి.లకు మించి వాడరాదు. మార్చి 1న 0.6 టి.ఎం.సి. దిగువకు విడువవలెను. వరద యంతయు కన్నుల యెదుట పోవుచుండగా ఆపరాదన్నచో ఎగువ రైతునకు కష్టమే. అయితే ఆ వరదయే రానిచో పోచంపాడు నిండుటెట్లు?

నీటికి వెల కట్టిన తగవు తీరునని కొందరందురు. మహారాష్ట్రము 2005లో చేసిన చట్టము నీటి హక్కును ఏటికో, పంటకో అమ్ముకొనుటకు దారి చూపినది. బోరుబావి గలవాడు పొరుగుచేనికి నీరిచ్చి పంటలో పాలు పుచ్చుకొనుట మనకు క్రొత్త కాదు. వెల యున్నచో చెరకు వేయువాడు లెక్క చూచుకొనును, అది మేలే. కాని వెల కొనగలవానిని వెదకును. చేనే లేనివాని కడవకు బేరమాడువారెవరు? అందుచేత మొదట వంతు, పిదపనే బేరము కావలెనని మా అభిప్రాయము.

తలుపుల అమలు చూచుటకు కేంద్ర జలసంఘమునుండి ఒకరు, రెండు రాష్ట్రములనుండి ఒక్కొక్కరు గల సంఘమును కోర్టు నియమింపజేసినది. అక్టోబరు నెలాఖరున పై తరగతుల బిడ్డలను ఉపాధ్యాయులతో బాభళికి పంపుటకు మీ అనుమతి కోరుచున్నాము. ఎత్తిన తలుపులను, దింపిన తలుపులను వారు స్వయముగా చూడవచ్చును.