నేతగాండ్ర ఊరిలో ప్లాస్టిక్ సంచి



భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపూర్ దుప్పటిని నేసే చేతులే కుంభారిలో కూరగాయల బండి వద్ద ప్లాస్టిక్ సంచి అడుగుతున్నాయి. ఇంతకంటే వింత ఉంటుందా? మహారాష్ట్ర ప్రభుత్వం 2018లో వాటిని నిషేధించినా అలవాటు పోలేదు. ముడిచమురు నుండి పుట్టే ఆ సంచి తయారీలోనూ, తగులబెట్టినప్పుడూ భూతాపాన్ని పెంచే వాయువులు వెలువడతాయి. ఆ పొగను ముందుగా పీల్చేది వాకిట బీడీలు చుట్టే తల్లి, ఆమె ఒడిలోని బిడ్డ.

ఒక్క సంచి వల్లనే వానలు తప్పుతున్నాయని కాదు. కానీ షోలాపూర్‌కు నీరిచ్చే ఉజని జలాశయం పుణె వైపు కొండల్లో కురిసే వానతోనే నిండాలి. 2023లో ఆ వాన తగ్గింది; 2024 వేసవికి ఉజని నీరు వాడుక మట్టానికి దిగువకు పడిపోయింది.

మగ్గం దగ్గర మిగిలే తువ్వాలు ముక్కలతో సంచి కుట్టడానికి ఎంతసేపు? కుట్టి గుమ్మం పక్కన మేకుకు తగిలించండి. పెట్టెలో దాస్తే బజారుకు వెళ్లేటప్పుడు గుర్తుకు రాదు.