శ్వాసకోశ శస్త్రచికిత్స పిదప

1933 ఏప్రిల్ 5వ తేదీన అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున ఇవార్ట్స్ గ్రాహం అను శస్త్రవైద్యుడు, కాన్సరు సోకిన ఒక రోగి ఎడమ ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించెను. రోగియు వైద్యుడే. ఆయన అటుపై పెక్కేండ్లు జీవించెను. పొగత్రాగుటకు అలవాటుపడిన గ్రాహమే 1957లో ఊపిరితిత్తుల కాన్సరుతో మరణించుట విధి వైపరీత్యము.

శ్రోతలారా! నేడు మేము కోత ముగిసిన పిమ్మటి దినములను గూర్చి ముచ్చటింపదలచితిమి. రొమ్ము తెరచిన రోగికి ప్రతి శ్వాసయు బాధయే. ఆ బాధకు వెరచి అతడు లోతుగా ఊపిరి పీల్చడు, దగ్గడు. దగ్గనిచో కఫము అడుగున నిలిచి న్యుమోనియాకు దారితీయును. ఆసుపత్రిలో దినములు పెరుగును. మంచము అద్దె, మందుల వెల, తోడుండు బంధువు పోగొట్టుకొను కూలి, అన్నియు వానితోపాటు పెరుగును.

1990వ దశకమున డెన్మార్కు శస్త్రవైద్యుడు హెన్రిక్ కెలెట్, ప్రేగుల శస్త్రచికిత్సల విషయమున, పాత ఆచారములను ఒక్కొక్కటిగ ప్రశ్నించెను. రాత్రియెల్ల రోగిని దాహముతో మాడ్చుట ఏల? దినముల తరబడి పడుకొనబెట్టుట ఏల? 2019లో ఇట్టి సూచనలే ఊపిరితిత్తుల శస్త్రచికిత్సకును ఐరోపాలో వెలువడినవి. వైద్యుడు అనుమతించినచో మత్తు ఇచ్చుటకు 2 గంటల ముందువరకు తేట ద్రవములు త్రాగవచ్చును. పొగ కనీసము 4 వారములు ముందుగ మానవలెను. నల్లమందు జాతి మందులను తగ్గించి, ప్రక్కటెముకల నరములకు మందిచ్చి బాధను అణచవలెను. రొమ్మున రెండు గొట్టములకు మారు సాధారణముగ ఒక్కటి చాలును. 24 గంటలలోపుననే రోగిని లేపి నడిపింపవలెను.

మన ఇండ్లలో ఈ చివరిదే కష్టము. చూడవచ్చిన పెద్దమ్మ "కదలకురా నాయనా, కుట్లు తెగును" అనును. ఆ ప్రేమను మేము తప్పుపట్టజాలము. కాని నర్సు చేయిపట్టి లేపవచ్చినపుడు ఆమె కొంచెము ప్రక్కకు తొలగుట మేలు.

బ్రిటనులో 503 మంది రోగులతో జరిపి 2022లో ప్రకటించిన పరీక్షయందు, చిన్న రంధ్రముల గుండ కామెరా సాయమున శస్త్రచికిత్స పొందినవారు నడిమి లెక్కన 4 దినములకు ఇల్లు చేరిరి. రొమ్ము తెరపించుకొన్నవారికి 5 దినములు పట్టెను. ఆ పరికరములు ఖరీదైనవే. అవి లేనిచోటను నడకకు, లోతైన శ్వాసకు ఆటంకము లేదు. దగ్గునపుడు తలగడను రొమ్మునకు అదిమి పట్టుకొన్నచో నొప్పి కొంత తగ్గును; తలగడ ప్రతి మంచముపైనను ఉండనే యున్నది.