తరగతి గదిలో ప్రశ్న
(సొసైటీ వార్షిక సభలో ఉపాధ్యాయుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన వ్యవధి తక్కువ. అందుచేత ఒక్క సంగతే మనవి చేస్తాను. పాఠం చెప్పడం గురించి కాదు, ప్రశ్న అడగడం గురించి.

తరగతిలో మనం మాటిమాటికీ అడిగే ప్రశ్న ఏదో మీకు తెలుసు. "అర్థమైందా?" వెంటనే నలభై గొంతులు "అర్థమైంది సార్" అంటాయి. అర్థం కానివాడి గొంతే అందులో కాస్త గట్టిగా వినిపిస్తుంది! దీన్ని ప్రశ్న అనడానికి నాకు మనసొప్పదు. ఇంకొక అలవాటు, ముందు పేరు పిలిచి తర్వాత ప్రశ్న వేయడం. పేరు వినగానే మిగతా ముప్ఫై తొమ్మిదిమందీ గండం గడిచిందనుకుంటారు. ప్రశ్న ముందు, పేరు తర్వాత.

మధ్యలో ఎంతసేపు ఆగాలి? అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త తరగతుల్లో మాటలు టేపు చేసి దీన్ని లెక్కగట్టారు. 1974లో ఆమె ప్రకటించిన వ్యాసాల ప్రకారం, టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లు దాటేలా చేస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, నోరు మెదపనివాళ్లు మాట్లాడసాగారు, ఎదురు ప్రశ్నలూ వేశారు.

ఇది మనకు మరీ ముఖ్యం. మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఉర్దూ, బళ్లో తెలుగు. లెక్క వినగానే పిల్లవాడికి "తక్సీమ్" అని తడుతుంది. అది "భాగహారం"గా మారి నోట్లోకి రావాలి కదా! ఒక్క సెకనులో రాదు. ఈలోగా వాణ్ణి మొద్దని కూర్చోబెడతాం. అలా నాలుగుసార్లు కూర్చున్నవాడు ఐదోసారి బడికి రాడు, మెకానిక్ షెడ్డుకు వెళ్తాడు.

తప్పు జవాబు వచ్చినప్పుడూ తొందర వద్దు. మూడోవంతు పెద్దదా, నాలుగోవంతు పెద్దదా అంటే చాలామంది నాలుగోవంతే అంటారు, మూడు కంటే నాలుగు పెద్దది గనుక. "తప్పు, కూర్చో" అంటే ఆ లెక్క వాడి బుర్రలో అలాగే ఉండిపోతుంది. "ఎలా చెప్పావు బాబూ?" అనండి. తర్వాత, "ఒక రొట్టె ముగ్గురు పంచుకుంటే నీకెక్కువ వస్తుందా, నలుగురు పంచుకుంటేనా?" అనండి. వాడే దిద్దుకుంటాడు.

ఏకవాక్య ప్రశ్నలు వద్దనను. 1591లో హైదరాబాదుకు పునాది వేసిందెవరో పిల్లలకు తెలియాలి. కాని అంతటితో ఆపకుండా, గోల్కొండ కోట ఉండగా మూసీ అవతల కొత్త నగరం ఎందుకు కావలసివచ్చిందని కూడా అడగండి. కోటలో జనం పెరిగారని ఒకరు, నీళ్లు చాలలేదని మరొకరు అంటారు. అప్పుడు తరగతి నడుస్తుంది. సిలబస్ పూర్తికాదంటారా? మూడు సెకన్లకు సిలబస్ ఆగదు.

మన ట్యూషన్ క్లాసుల్లో చెప్పే యువతీ యువకులకు ఒక విన్నపం. ప్రశ్న వేశాక మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం మొదట్లో మీకే ఇబ్బందిగా ఉంటుంది. ముందు బెంచీలో చేతులు లేచినా సరే, మూడూ అయ్యేదాకా ఎవరి పేరూ పిలవకండి.

సెలవు.